విశాఖ రాళ్ల మీద దొరికిన అయిదు మిల్లీమీటర్ల సీ స్లగ్‌కి పేరు కట్టడం: నా అనుభవం

ఫిబ్రవరి పౌర్ణమి ఆటుకి జోడుగుళ్లపాలెం దాటాక ఉన్న రాతి గుంటల్లోంచి తెచ్చిన పిడికెడు పీచు నాచులో ఈ సీ స్లగ్, అంటే గుల్ల లేని సముద్రపు నత్త, బయటపడింది. ఒళ్లు సాగదీసి పాకుతున్నప్పుడు అయిదు మిల్లీమీటర్లు, ముడుచుకుంటే రెండు కూడా ఉండదు. సీసా లేబుల్ మీద ధైర్యంగా రాయదగ్గ పేరు దొరికేసరికి జులై వచ్చింది. అది కూడా పూర్తి పేరు కాదు. మధ్యలో ఏం జరుగుతుందో, ఎక్కడ ఎంత ఆగాలో, డబ్బు ఎక్కడ పోతుందో, ఈ పనికి దిగేవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు ఆటు సంగతి. విశాఖలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా ఆటుకీ పోటుకీ తేడా ఒకటిన్నర మీటరు లోపే. గుజరాత్ తీరంలోలాగా సముద్రం అర కిలోమీటరు వెనక్కి పోయి దారి ఇవ్వదు. అందుకని నెల చూసుకోవాలి. మన తీరంలో సముద్ర మట్టమే ఏడాదిలో మారుతుంది. అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువ, మార్చి చుట్టుపక్కల తక్కువ, తేడా సుమారు ఒక అడుగు. కార్తీక పౌర్ణమికి నీళ్లలో ఉండే రాయి మాఘ పౌర్ణమికి పూర్తిగా తేలుతుంది. ఆ రోజుల్లో నీరు బాగా దిగేది తెల్లవారుజామునా మధ్యాహ్నమూ మూడు గంటలకి అటూ ఇటూ. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే ఆటుపోట్ల అంచనాతో పాటు, అదే సంస్థ ఇచ్చే కెరటాల అంచనా కూడా చూడండి. నీరు దిగినా కెరటం ఎత్తుగా ఉంటే రాళ్ల అంచుకి వెళ్లలేరు, వెళ్లకూడదు. ఆటుకి గంట ముందే రాళ్ల మీద ఉండాలి, నీరు తిరిగిందనగానే వెనక్కి రావాలి.

ఇంత చిన్నవాటిని గుంటలో కంటితో వెతకడం దండగ. వెతకాల్సింది జీవిని కాదు, దాని తిండిని. రసం పీల్చే స్లగ్‌లు, అంటే సాకోగ్లాసా వర్గం, ఒక్కో జాతీ కొద్ది రకాల నాచుకే కట్టుబడి ఉంటాయి. విశాఖ రాళ్ల మీద అల్వా, కీటోమార్ఫా, బ్రయాప్సిస్, కౌలెర్పా దొరుకుతాయి. ఒక్కోదాన్ని విడిగా జిప్ కవర్లో వేసి, ఏ గుంట, నీడా ఎండా, ఎంత లోతు అన్నది కవర్ మీదే రాయాలి. అన్నీ ఒకే బకెట్లో వేస్తే అసలు సమాచారం అక్కడే పోయినట్టు. నాచు పిండకూడదు, పిడికెడు కంటే ఎక్కువ పీకకూడదు. కవర్లో నీళ్లు తక్కువ, గాలి ఎక్కువ ఉండాలి. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకరు “ఏటి బాబూ, పాచి కూరొండుతారా?” అని అడిగారు. మేం వెతికేదాని సైజు చెప్పాక ఇంకేం అడగలేదు.

ఇంటికి వచ్చాక తెల్ల ఎనామెల్ పళ్లెంలో వేలు లోతు సముద్రపు నీళ్లు పోసి, నాచు వదులుగా పరిచి, కదపకుండా నీడలో వదిలేయాలి. నాచులోని పురుగూ పుట్రా ఊపిరి తీసుకునే కొద్దీ నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది. అప్పుడు స్లగ్‌లు నాచు వదిలి పళ్లెం అంచుకి, నీటి పైపొరకి ఎక్కుతాయి. రాత్రి పెడితే తెల్లవారేసరికి అంచు వెంబడి టార్చితో చూడొచ్చు. ముందు కనిపించేవన్నీ గెంతే ఆంఫిపాడ్‌లు (రొయ్యల దూరపు బంధువులు), చదును పురుగులే. చదును పురుగుకి సాధారణంగా వీపు మీద వేళ్లుండవు, జారుతున్నట్టు పోతుంది. స్లగ్ పాదం ఆనించి పాకుతుంది. పళ్లెం మరీ ఆలస్యంగా చూస్తే అంతా చచ్చి నీళ్లు కంపు కొడతాయి. మార్చి దాటాక మన ఎండలకి ఆ గడువు ఇంకా తక్కువ.

పట్టుకోవడానికి ఫోర్సెప్స్ వద్దు. గట్టిగా తగిలితే వీపు మీది వేళ్లు, అంటే సెరేటా, రాల్చేస్తుంది. ప్లాస్టిక్ డ్రాపర్ మూతి కత్తెరతో కాస్త వెడల్పు చేసి, నీటితో సహా పీల్చి పెట్రీ డిష్‌లోకి వదలడమే మంచి పద్ధతి. మొదటి ఫొటోలు ఆ రోజే తీయాలి. డిష్ కింద గ్రాఫ్ కాగితంతో ఒకసారి, నల్ల గుడ్డతో ఒకసారి. వెలుగు పక్కనుంచి రావాలి. పైనుంచి, పక్కనుంచి, తల దగ్గరగా, డిష్ అడుగు నుంచి పాదం, ఈ నాలుగూ లేకుండా తర్వాత ఏ నిపుణుడూ ఏమీ చెప్పలేడు. పొడవు కొలవాల్సింది సాగి పాకుతున్నప్పుడే.

మొదటి ప్రశ్న, ఇది నూడిబ్రాంక్ (సీ స్లగ్‌లలో ఒక పెద్ద వర్గం) అవునా కాదా అని. వీపు నిండా వేళ్లున్న స్లగ్‌ని చూడగానే అందరూ ఏయోలిడ్, అంటే నూడిబ్రాంక్‌లలో వేళ్లున్న రకం, అంటారు. ఏయోలిడ్‌కి తల మీద రెండు జతల కొమ్ములుంటాయి: నోటి పక్క ఒక జత, వెనక వాసన పసిగట్టే రైనోఫోర్లు ఒక జత. సెరేటా కొసల్లో కుట్టే కణాల సంచులుంటాయి, తినేది ఎక్కువగా జెల్లీచేపల బంధువులైన హైడ్రాయిడ్‌లని. మా జీవికి కొమ్ములు ఒక్క జతే. వాటి వెనక రెండు నల్లటి కళ్లు, చుట్టూ రంగు లేని చోట, స్పష్టంగా కనబడ్డాయి. సెరేటాలోంచి ఆకుపచ్చ మెరిసింది. అంటే సాకోగ్లాసా. ఇక్కడిదాకా పది రూపాయల ఖర్చు లేదు, పది రెట్ల భూతద్దం చాలు.

రెండో ప్రశ్న, ఏ ప్రజాతి, అంటే ఏ దగ్గరి జాతుల గుంపు (జీనస్) అని. ఫొటో పెడితే పేరు చెప్పే యాప్ ప్లాసిడా అంది. యాప్‌కి తెలిసిన, ఎక్కువ ఫొటోలున్న దగ్గరి పేరు అదే కాబట్టి ఆశ్చర్యం లేదు. చూడాల్సింది రైనోఫోర్‌ని. ప్లాసిడాలో అది పొడవునా మడిచినట్టు, గాడితో ఉంటుంది. హెర్మియా బంధువుల్లోనూ చుట్టుకుని ఉంటుంది. మా దానిది గాడి లేని నున్నటి వేలు. అప్పుడు మిగిలేవి ఎర్కొలానియా, స్టిలిగర్, కోస్టాసియెల్లా. కోస్టాసియెల్లాకి కళ్లు రెండూ తల మధ్యలో దగ్గరదగ్గరగా ఉంటాయి, తినేది ఎక్కువగా అవ్రెయిన్‌విల్లియా అనే నాచు. అది పోయింది. ఎర్కొలానియా, స్టిలిగర్‌ల మధ్య తేల్చేది పళ్లే, బయటి రూపం కాదు. ఆ గాడి ఉందో లేదో తెలియాలంటే రైనోఫోర్ పూర్తిగా సాగినప్పుడు పక్కనుంచి ఫోకస్ కుదరాలి. ఫోన్‌కి తగిలించే మాక్రో లెన్సుతో పని కాదు. తెలిసిన కాలేజీ ల్యాబులో స్టీరియో మైక్రోస్కోప్ దొరకడానికి పరీక్షల సీజన్ అయ్యేదాకా ఆగాల్సి వచ్చింది. మొత్తం వ్యవహారంలో చిరాకెత్తించిన నిరీక్షణ అది. డిష్‌లో జీవి రోజురోజుకీ చిక్కిపోతుంటే చూస్తూ కూర్చోవాలి.

చిక్కిపోవడం అంటే గుర్తొచ్చింది, రంగుని నమ్మొద్దు. తెచ్చిన రోజు ముదురు ఆకుపచ్చ, నలుపు కలిసినట్టుంది. తిండి లేకుండా ఉంచితే ఆకుపచ్చ కొద్ది రోజుల్లోనే వెలిసిపోయి, చర్మంలోని నల్ల చుక్కలే మిగిలాయి. అవే దాని సొంత రంగు. మిగతాదంతా భోజనం. ఎలీసియా అనే ఇంకో సాకోగ్లాసా ప్రజాతిలో కొన్నిటిలాగా నాచులోని క్లోరోప్లాస్ట్‌లని (ఎండతో ఆహారం చేసే పచ్చ కణికలని) వారాల తరబడి పని చేయించుకునే శక్తి వీటికి లేదు. ఇది పనికొచ్చే గమనికే, కాబట్టి వెలిసిన తర్వాత కూడా ఫొటో తీసి పెట్టుకోండి. పాత వర్ణనల్లో రంగు సరిపోలేదని ఒక జాతిని కొట్టేసేముందు, ఆ రచయిత కడుపు నిండిన జీవిని చూశాడా, ఆకలితో ఉన్నదాన్ని చూశాడా అని అడగాలి.

తిండి పరీక్ష అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే ముచ్చట. మూడు డిష్‌లలో విడివిడిగా కీటోమార్ఫా, బ్రయాప్సిస్, అల్వా వేసి, మొదటిదానితో పాటు దొరికిన అదే రకం స్లగ్‌లని ఒక్కోదాంట్లో ఒక్కటి చొప్పున వదలాలి. కీటోమార్ఫా పోగు అంటే వరసగా పేర్చిన పెద్ద కణాలే. స్లగ్ పాదంతో పోగుని పట్టుకుని ఒక కణానికి గాటు పెడుతుంది. ఆ కణంలోని పచ్చదనం కళ్లముందే లోపలికి జారిపోయి, గాజు గొట్టం మిగులుతుంది. తర్వాత పక్క కణం. ఎన్ని కణాలు ఖాళీ అయ్యాయో లెక్కపెట్టొచ్చు. బ్రయాప్సిస్ డిష్‌లోది పోగుల మీద తిరిగిందే గానీ గాటు పెట్టలేదు, అల్వా డిష్‌లోది గోడెక్కింది. డెన్మార్క్ శాస్త్రవేత్త కాథె జెన్సెన్ ఏళ్ల తరబడి చూపించింది ఇదే: సాకోగ్లాసా పన్ను ఆకారానికీ అది చీల్చే నాచు గోడకీ సంబంధం ఉంది. అడ్డగోడలున్న కీటోమార్ఫా, క్లాడొఫొరా రకాలని తినేవాటి పన్ను చెక్క పాదుక ఆకారంలో ఉంటుంది. అడ్డగోడలు లేని బ్రయాప్సిస్, కోడియం తినేవాటిలో చాకు అలుగులా ఉండడం ఎక్కువ. కాబట్టి పన్ను చూడకముందే తిండి పరీక్ష ఎర్కొలానియా వైపు చూపించింది.

గుడ్లు అడక్కుండానే వచ్చాయి. రెండు స్లగ్‌లు ఒకే డిష్‌లో ఉంటే చాలు, రెండూ ఉభయలింగులే. పోగుకి అంటించి తెల్లటి చిన్న జిగురు ముద్ద పెడతాయి. ముద్ద ఆకారం, ఒక్కో గూటిలో ఎన్ని గుడ్లు, గుడ్డు వ్యాసం, పెట్టిన తేదీ, లార్వా బయటికొచ్చిన తేదీ, అన్నీ రాసుకోవాలి. రోజూ సగం నీళ్లు మార్చాలి, మార్చేది అదే ఉప్పదనం ఉన్న నీళ్లయి ఉండాలి. ఫ్యాను కింద మూత లేకుండా పెడితే ఒక్క పూటలో నీరు ఆవిరై ఉప్పు ఎక్కిపోతుంది. మా ఇళ్లల్లో ఎక్కువ గుడ్లు పోయేది అందుకే.

ఇక పళ్లు. దీనికి జీవిని చంపక తప్పదు, ఆ పని ఎవరికీ బాగుండదు. కనీసం నొప్పి తెలియకుండా చేయాలి. నేరుగా ఆల్కహాల్లో వేస్తే ముద్దగా ముడుచుకుని, సెరేటా రాల్చి, దేనికీ పనికిరాకుండా పోతుంది. 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్లో ఏడున్నర గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ కలిపి, దాన్ని సమంగా సముద్రపు నీళ్లతో కలపాలి. ఆ ద్రావణం డిష్‌లోకి కొద్దికొద్దిగా వేస్తే పది, ఇరవై నిమిషాల్లో సాగిన స్థితిలోనే మత్తులోకి పోతుంది. మెత్తని బ్రష్ తాకించినా కదలకపోతేనే ముందుకి వెళ్లాలి. అర కిలో డబ్బా నాకు నాలుగు వందల చిల్లర పడింది, జీవితకాలం సరిపోతుంది. తేమ పీల్చుకుంటుంది కాబట్టి మూత గట్టిగా ఉండాలి.

మామూలు పద్ధతిలో నోటి కండని పది శాతం సోడియం హైడ్రాక్సైడ్‌లో రాత్రంతా ఉంచితే కండ కరిగి పళ్ల పట్టీ మిగులుతుంది. కానీ అదే ద్రావణం డీఎన్‌ఏని కూడా పాడుచేస్తుంది. అయిదు మిల్లీమీటర్ల జీవిలో రెండింటికీ ఒకే ముక్క చాలాలంటే ఇంకో దారి ఉంది. తలని ప్రొటీనేజ్ కె (కండని కరిగించే ఎంజైమ్) ఉన్న లైసిస్ బఫర్ అనే ద్రావణంలో కరిగించండి. ద్రవం డీఎన్‌ఏకి పోతుంది, పళ్ల పట్టీ ట్యూబు అడుగున మిగులుతుంది. ల్యాబువాళ్లకి ఈ మాట ముందే, రాతపూర్వకంగా చెప్పాలి. లేకపోతే అడుగున మిగిలింది చెత్త అనుకుని పారేస్తారు. తోక కొసని మాత్రం విడిగా ఆల్కహాల్లో దాచుకోవాలి, మళ్లీ చేయాల్సి వస్తే అదే దిక్కు.

పట్టీ పొడవు మిల్లీమీటరు కూడా ఉండదు. గుంట ఉన్న స్లయిడ్‌లో, నల్ల కాగితం పెట్టి, నీళ్లు మెల్లగా మార్చి కడిగి, గ్లిజరిన్ చుక్కలో కవర్ స్లిప్ కింద 400 రెట్లలో చూడాలి. డ్రాపర్ గోడకి అంటుకుపోవడం దీని స్వభావం. డ్రాపర్‌ని కడిగిన ప్రతి చుక్కనీ చూసేదాకా పోయిందని అనుకోవద్దు. సాకోగ్లాసా పళ్లు ఒకే వరస. అరిగిపోయిన పళ్లు బయటికి పోకుండా ఆస్కస్ అనే సంచిలో పోగుపడతాయి. అందువల్ల ఒకే జీవిలో చిన్ననాటి పన్నూ ఇప్పటి పన్నూ రెండూ దొరుకుతాయి. బొమ్మ గీయాల్సింది వాడుకలో ఉన్న ముందు పన్నుని. పన్ను పక్కవాటుగా పడితే తప్ప ఆకారం తెలియదు. కవర్ స్లిప్‌ని సూదితో అటూ ఇటూ నెట్టాలి. మాకు పాదుక ఆకారం అలా ఒరిగినప్పుడే కనబడింది. ఎర్కొలానియా అని ఆ సాయంత్రం స్థిరపడింది. నిజం చెప్పాలంటే డీఎన్‌ఏ కాగితం కంటే ఆ పన్నే ఎక్కువ సంతోషం ఇచ్చింది.

ఏప్రిల్, మే నెలలు డీఎన్‌ఏకి పోయాయి. ఇక్కడ తెలియక దెబ్బతినే సంగతులు కొన్ని ఉన్నాయి. అసలు ఆల్కహాల్ దగ్గరే చిక్కు. 95 శాతం ఇథనాల్ దుకాణంలో అమ్మరు, ఎక్సైజ్ అనుమతి ఉన్న ల్యాబు ద్వారానే తెచ్చుకోవాలి. శానిటైజర్ పనికిరాదు. ఫార్మలిన్‌లో వేసినదాంట్లోంచి డీఎన్‌ఏ తీయడం దాదాపు వృథా, కానీ లోపలి అవయవాలు చూడ్డానికి ఫార్మలినే మేలు. కాబట్టి ఒకటి అందులో, ఒకటి ఇందులో ఉంచాలి. కొరియర్ వాళ్లు మండే ద్రవం తీసుకోరు. పంపేముందు ఆల్కహాల్ వంపేసి, ముక్క తడిగా ఉండగానే మూత బిగించి పారాఫిల్మ్ (సాగే మైనపు రేకు) చుడితే ఒకటి, రెండు రోజుల ప్రయాణానికి ఏమీ కాదు.

తల కరిగించే దారి కాక విడిగా ముక్క పంపేటట్టయితే, పంపాల్సింది పాదం ముక్క, సెరేటా కాదు. సెరేటా నిండా జీర్ణగ్రంథి, అందులో నాచు ఉంటాయి. రెండు రోజులు పస్తు పెట్టాక తీస్తే ఇంకా శుభ్రం. అందరూ వాడేది 1994లో ఫోల్మర్ బృందం ఇచ్చిన ప్రైమర్లు (కావలసిన జన్యు ముక్కని పట్టే చిన్న డీఎన్‌ఏ తునకలు), వచ్చేది జాతుల్ని పోల్చడానికి వాడే సీఓఐ జన్యువులో 658 అక్షరాల ముక్క. స్లగ్ జిగురులోని చక్కెరలు, ఆ ముక్కకి లెక్కలేనన్ని నకళ్లు తీసే పీసీఆర్‌ని అడ్డుకుంటాయి. జెల్ పరీక్షలో గీత రాకపోతే డీఎన్‌ఏ ఎక్కువ వేయడం కాదు, పదింతలు పలచన చేసి వేయడం మందు. అప్పటికీ రాకపోతే ఆ చక్కెరలని వదిలించే సీటాబ్ పద్ధతిలో డీఎన్‌ఏ మళ్లీ తీయాలి. రెండు వైపులా చదివించడానికి, తీత, శుద్ధి, జీఎస్టీ అన్నీ కలిపి నమూనాకి రెండు వేల పైచిలుకు అయింది. ఫెయిలయినా డబ్బు కట్టాల్సిందే. ఫలితం వారంలో అంటారు, నెల అనుకోండి. వచ్చిన అక్షరాలని వెంటనే నమ్మకుండా ముందు ప్రొటీన్‌గా మార్చి చూడాలి. మధ్యలో ఆగిపోయే సంకేతాలుంటే అది అసలు జన్యువు కాదు, లేదా చదవడంలో తప్పు. తర్వాత అందరూ జన్యు అక్షరాలని జమచేసే డేటాబేస్‌లో దగ్గరి పోలిక ఎవరితో అని చూడాలి. ఆంఫిపాడ్‌తోనో బాక్టీరియాతోనో అని వస్తే ఆ నమూనా కలుషితం.

మాకు దగ్గరి పోలికలు ఎర్కొలానియా పేరున్నవే, కానీ శాతం ఎనభైల్లోనే ఆగింది. ఇలాంటి జీవుల్లో ఒకే జాతిలో తేడా సాధారణంగా కొద్ది శాతమే ఉంటుంది. కాబట్టి ప్రజాతి సరే, జాతి మాత్రం ఇందులో తేలలేదు. “కొత్త జాతేమో!” అన్న ఆశ అందరికీ అక్కడే పుడుతుంది. డేటాబేస్‌లో సరిపోయేది లేకపోవడం వేరు, లోకంలో పేరు లేకపోవడం వేరు. మన తూర్పు తీరపు స్లగ్‌లకి పేర్లు చాలా పాతవి. మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ సేకరించిన స్లగ్‌లని ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు ఆల్డర్, హాంకాక్ లండన్ పత్రికలో వర్ణించింది 1864లో. కళింగ అనే ప్రజాతి పేరు, ఇప్పుడు ఫిడియానా మిలిటారిస్ అంటున్న జాతి, రెండూ ఆ వ్యాసంలోవే. అవి ఎవరి డీఎన్‌ఏ కోసమూ ఆగలేదు.

అందుకని జూన్ అంతా పాత కాగితాలే. వరల్డ్ రిజిస్టర్ ఆఫ్ మెరైన్ స్పీషీస్ అనే ఆన్‌లైన్ పట్టికలో ప్రజాతి పేజీ తెరిచి, అందులోని ప్రతి పేరుకీ ఎవరు, ఏ ఏడాది, ఎక్కడ అని పట్టిక వేసుకుని, హిందూ మహాసముద్రం వైపువి ముందు తీయాలి. అలా ఆగిన పేరు ఎర్కొలానియా గోపాలై. 1937లో రికార్డ్స్ ఆఫ్ ది ఇండియన్ మ్యూజియం 39వ సంపుటంలో రావు దీన్ని స్టిలిగర్ గోపాలైగా వర్ణించారు. ప్రజాతి తర్వాత మారింది కాబట్టే ఇప్పుడు రచయిత పేరు, ఏడాది బ్రాకెట్లో రాస్తారు. నిర్మాణం, అలవాట్లు, తొలి ఎదుగుదల అన్నీ ఒకే వ్యాసంలో ఉండడం అదృష్టం. గుడ్ల లెక్కలు రాసుకోమన్నది ఇందుకే. మూల వర్ణనలోని ప్రతి లక్షణానికీ ఒక గడి గీసి, పక్కన మా జీవిలో చూసింది రాసి, చూడనిదాన్ని ఖాళీగా వదిలాం. పురుషాంగపు ముల్లు లాంటి గడులు ఖాళీగా మిగిలాయి, దానికి బాగా ఎదిగిన ఇంకో నమూనా కావాలి. చిన్నదాన్ని నలిపితే ఆ ముల్లు ఎటు వంగిందో తెలియదు.

పేరు ఎలా రాయాలన్నది జులైలో తేలింది. పూర్తిగా గోపాలై అనడానికి ఖాళీ గడులు ఒప్పుకోవు. వట్టి ‘ఎర్కొలానియా జాతి’ అంటే చూసిన పోలికంతా దాచినట్టవుతుంది. రెంటికీ మధ్య ‘ఎర్కొలానియా సీఎఫ్. గోపాలై’ అని రాశాం, అంటే గోపాలైతో పోల్చి చూడాల్సింది అని. సంతకం పెట్టగలిగింది అంతవరకే. ఊళ్లో కొందరికి ఇది తేలని వ్యవహారంలా కనిపించింది గానీ, రేపు ఎవరైనా సీసా తీసి మళ్లీ చూస్తే, ఎక్కడ ఆగామో ఆ రెండక్షరాలే చెబుతాయి.

సీసాలో పెట్టే లేబుల్ పెన్సిల్‌తోనో, ఆల్కహాల్‌కి చెరగని సిరాతోనో రాయాలి, బాల్ పెన్ను కరిగిపోతుంది. తేదీ, చోటు, అక్షాంశ రేఖాంశాలు, ఆటు ఎత్తు, నాచు పేరు, మత్తుమందు, దేంట్లో నిలవ ఉంది, ఫొటో నంబర్లు, అన్నీ ఆ చీటీలోనే, సీసా లోపలే. కొత్త జాతి అని ప్రకటించేవాళ్లు జీవవైవిధ్య చట్టం ప్రకారం నమూనాని నిర్ణీత సంస్థలో జమ చేయాలి. జంతువులకి జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా అలాంటి సంస్థ. విదేశంలో ఉన్న నిపుణుడికి ముక్క పోస్టు చేద్దామనుకుంటే ముందు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. ఫొటోలు, పన్ను బొమ్మ పంపడానికి ఆ బాధ లేదు, సగం జవాబు వాటితోనే వస్తుంది. ముల్లు గడి నింపడానికి వచ్చే ఫిబ్రవరి దాకా ఆగాలి. అప్పటికి కీటోమార్ఫా మళ్లీ గుంటల్లో పట్టాలి, నీరు మళ్లీ దిగాలి.